కుసుమ నూనె పట్టిన లేతు

హనుమంతమ్మ వాకిట్లో కూర్చుని కొర్రలు చెరుగుతుంటే వీధి మలుపులో బండి ఇరుసు మూలిగింది. ఎమ్మిగనూరులో ఎద్దులబండి మూలగడం వింతేమీ కాదు. కానీ ఈ బండి వెనకాల సగం వీధి నడిచి వస్తోంది. మగ్గాల మీద ఉండాల్సినవాళ్ళు మగ్గాలు వదిలేసి, నోట్లో వేపపుల్లలున్నవాళ్ళు వేపపుల్లలతోనే వస్తున్నారు. బండి మీద గోనెపట్టాలు కప్పిన ఆకారమొకటి, పడుకున్న దున్నపోతంత ఉంది. దాని పక్కన ఊరేగింపులో పెళ్ళికొడుకులా వెలిగిపోతూ నడుస్తున్నాడు ఆమె ఒక్కగానొక్క కొడుకు సుంకన్న.

"ఏందప్పా అది?" చేట పక్కన పెట్టి లేచింది హనుమంతమ్మ.

"లేతు మిషనమ్మా. ఆదోనిలో పాత ఇనుము అంగడి వెనకాల పడుండె. రాత్రే బండి కట్టించుకోని వస్తి."

కోడలు రామమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ గడపలోకి వచ్చింది. "నేనడిగింది కుట్టు మిషను. దీనికి సూది యాడుంది?"

"దీనికి సూది కాదే, ఉలి ఉంటాది. ఇనుమును ముల్లంగి చెక్కినట్ల చెక్కుతాది."

"ముందు మన గడప చెక్కకుండా లోపలికి పడతాదేమో సూడు."

సుంకన్న గోనెపట్టా లాగేశాడు. చూడవచ్చినవాళ్ళు తలా ఒక పేరు పెట్టారు. చెరుకు గానుగన్నాడొకడు, రైలింజను ముక్కన్నాడు ఇంకొకడు. వాళ్ళను అనడానికి లేదు. ఒళ్ళంతా ముదురు పాకం రంగు మడ్డి పట్టి, దాని మీద ఏళ్ళ దుమ్ము అతుక్కుని, ఏది చక్రమో ఏది కాలో తెలియకుండా ఉంది. కాళ్ళ దగ్గర మాత్రం తుప్పు పొరలు పొరలుగా లేచి, ముట్టుకుంటే రాలుతోంది.

"అమ్మినోనికే ఇదేందో తెల్దమ్మా," అన్నాడు సుంకన్న మురిసిపోతూ. "ఇదో, ఈడ మెట్లు మెట్లుగా ఉండాది సూడు, అది తోలు పట్టా తొడిగే పుల్లీ. అది సూసి కనిపెట్టినా. యాడ పనిచేసిందో, ఎవరు చేసినారో మాత్రం తెల్దు. బాగు చేసినానంటే ఈ ఊర్లో మగ్గాల సామాన్లకు ఇంకెవరూ ఆదోనికి పోయే పన్లేదు."

ఇంటి ముందు వసారాలోనే అతని కొలిమీ, పట్టుకారూ, నాలుగు ఆకురాళ్ళూ. ఊరంతా మగ్గాలే కాబట్టి పనికి కొదవ లేదు. కానీ సన్నని ఇరుసు ఒకటి గుండ్రంగా తీయాలంటే కొలిమి వల్ల కాదు. ఆ ఒక్క కొరత తీరుతుందని అతని సంబరం. కొడుకు ముఖం చూసి హనుమంతమ్మకీ ఒళ్ళు పొంగింది. దిష్టి తీయాలని లోపలికి పోయి గుప్పెడు ఉప్పు తెచ్చింది.

అప్పుడే మద్దయ్య వచ్చాడు.

మద్దయ్య ఆమె భర్త. వేరుశెనగ గోదాములో రాత్రి కాపలా ముగించుకుని, తలగుడ్డ భుజాన వేసుకుని రోజూ ఆ వేళకే వస్తాడు. మాట తక్కువ మనిషి. గుంపును చూసి ఆగాడు. బండి దగ్గరికి వచ్చాడు. మెట్ల పుల్లీ మీద చెయ్యి వేసి, దాని వెనక్కి వేళ్ళు పోనిచ్చి, అక్కడున్న పళ్ళ చక్రాన్ని తడిమాడు. చక్రం మీద ఒకచోట పన్ను లేదు. అతని బొటనవేలు ఆ ఖాళీలో ఆగిపోయింది. తర్వాత కాలిన చెయ్యిలా వెనక్కి లాక్కున్నాడు.

"దీన్ని తెచ్చిన తావకే పంపించు," అన్నాడు కొడుకుతో.

"ఎందుకు నాయనా?"

మద్దయ్య గడప తొక్కలేదు. కాళ్ళు కడుక్కోలేదు, సంగటి తినలేదు. వచ్చిన దారినే తిరిగి పోయాడు. హనుమంతమ్మ చేతిలో ఉప్పు అలాగే ఉండిపోయింది. ఆ చక్రం ఏదో ఆమెకు అర్థమయింది.

ఒక పుష్కరం దాటింది ఆ మాటకు. యుద్ధం రోజుల్లో మద్దయ్య ఆదోనిలో పత్తి గింజలు తీసే ఒక జిన్నింగు ఫ్యాక్టరీలో లేతు మిస్త్రీ. అప్పట్లో అతను వీధిలో నడిచి పోతుంటే జనం పక్కకు తప్పుకుని దారి ఇచ్చేవాళ్ళు. ఒక పొద్దు జిన్ను ఇరుసు బాగు చేయడానికి అతను మిషను మీద పట్టా వేస్తే అది కదల్లేదు. పత్తి బండ్లు గేటు ముందు నిలబడి ఉన్నాయి, పైవాళ్ళు తరుముతున్నారు. పళ్ళ చక్రం సందులో గడ్డపార పెట్టి తోశాడు. చక్రం పన్నొకటి ఊడింది, దాంతోపాటే లోపల ఏదో ఫట్‌మని విరిగినట్టు వినిపించింది. "మిషనును చంపేశావు, నీదీ ఒక చెయ్యేనా" అని పదిమందిలో అన్నారు, గేటు బయటికి పంపారు. పని పోయినందుకు మద్దయ్య కుంగలేదు. తన చేతుల్లో మిషను చచ్చిందే, దానికి కుంగాడు. ఆ తర్వాత సంసారాన్ని ఎమ్మిగనూరుకు మార్చాడు. పానా పట్టింది లేదు, సుత్తి పట్టింది లేదు. ఇంట్లో చేద గిలక అరిచినా పక్కింటివాణ్ణి పిలిచేవాడు. కొడుకు కొలిమి పని నేర్చుకుంది కూడా బయటి కమ్మరి దగ్గరే.

సాయంత్రం మద్దయ్య వచ్చినప్పుడు మిషను వసారాలో దిగి ఉంది. అతను వాకిట్లోనే నిలబడ్డాడు.

"పంపించమంటి గదా."

"ఎందుకో సెప్పు నాయనా, పంపిస్తా," అన్నాడు సుంకన్న. సగం రోజు దాని మడ్డి గోకి చేతులు బొబ్బలెక్కి ఉన్నాడు, గొంతులో ఓపిక లేదు.

"అది నేను సంపిన మిషను. సాలునా?"

సుంకన్న తల్లి వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. తండ్రి పని మానేశాడని తెలుసు గానీ ఎందుకు మానేశాడో అతనికి ఎవరూ చెప్పలేదు. ఈ ఇంట్లో ఆ మాట ఎత్తకూడదని పెద్దవాళ్ళిద్దరూ ఎప్పుడో అనుకున్నారు.

"ఇనుము సచ్చేదేంది నాయనా? బాగు చేస్తా."

"కాదు. లోపల ఇరుసు ఇరిగింది. నా చెవులతో వింటి."

"ఇప్పి సూస్తివా?"

"ఇప్పనిస్తే గదా. ఆ పొద్దే బయటికి పంపిరి."

"మరి ఇప్పకుండా ఎట్ల తెలుసు? అంత మిస్త్రీవి, సూడకుండానే సచ్చిందంటావు. నన్ను సూడనీ."

"అది ఈ ఇంట్లో ఉంటే నేనుండను."

"నువ్వెందుకు పోతావు? నేనే పోతా," అన్నాడు సుంకన్న. ఆవేశంలో అన్నాడని అందరికీ తెలుసు. అయినా అన్న మాట అన్న మాటే. "అమావాస్య దాటినాక బండి కడతా. రామమ్మను తీసుకోని ఆదోనికే పోతా. ఆడ షెడ్డు దొరక్కపోదు. నీ గిలక అరిచినా పక్కింటోణ్ణే పిలుచుకో."

ఆ చివరి మాట మద్దయ్య ముఖం మీద చరిచినట్టు తగిలింది. అతను తలగుడ్డ దులుపుకుని గోదాముకు పోయాడు. మర్నాడు పొద్దున ఇంటికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. హనుమంతమ్మ సద్ది మూట కట్టి కోడలి చేత పంపితే తిని గిన్నె పంపేవాడు, అంతే. రామమ్మ గిన్నె కడుగుతూ ఒకసారి అంది, "అత్తా, నేను ఆదోనికి పోను. నువ్వు లేని ఇంట్లో నేనేం సేసేది?" ఆ పిల్లకు పుట్టింట్లో తల్లి లేదు. హనుమంతమ్మ ఏదో సర్దిచెప్పింది గానీ లోపల ఆమెకే ధైర్యం లేదు. మొగుణ్ణి ఆపితే కొడుకు పోతాడు, కొడుకును ఆపితే మొగుడు రాడు. తన పొయ్యి రెండు పొయ్యిలయ్యే రోజు దగ్గరికొస్తుంటే ఆమెకు అన్నం దిగడం లేదు.

మిషనేమో మొండికేసి కూర్చుంది. పుల్లీని అటు తిప్పినా ఇటు తిప్పినా వెంట్రుకవాసి కదలదు. సుంకన్న కిరసనాయిలు పోసి చూశాడు, ఇద్దరు స్నేహితులను తెచ్చి తోయించి చూశాడు. చివరికి ఒక పొద్దున అతనికి పిచ్చి కోపం వచ్చి సమ్మెట ఎత్తాడు. మొదటి దెబ్బ చప్పుడుకే హనుమంతమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది.

"కొట్టాకప్పా. అది మీ నాయన మిషను."

"సచ్చిందన్నాడు గదా నాయనే."

"సచ్చినదాన్ని కూడా కొట్టగూడదు."

సుంకన్న సమ్మెట దించి, ముఖం తుడుచుకుంటూ మెట్టు మీద కూలబడ్డాడు. దెబ్బ తగిలిన చోట మడ్డి పెళ్ళ ఒకటి ఊడి హనుమంతమ్మ పాదం దగ్గర పడింది. ఆమె తీసింది. పైన దుమ్ముతో నల్లగా ఉంది గానీ విరిగిన అంచు ఎండకు పెడితే తేనె రంగులో మెరిసింది. గోటితో గీస్తే గాజులా జారింది.

ఇది తుప్పు కాదు. ఇలాంటిది ఎక్కడో చూసింది.

ఆలోచించింది. నందవరంలో ఆమె పుట్టింట్లో ఎద్దులతో తోలు బాన లాగి నీళ్ళు తోడే కపిలి బావి గుర్తొచ్చింది. ఏటా ఎండాకాలం నాన్న ఆ బావి తోలు బానకు నూనె కాచి పూసేవాడు. ఎండలో ఆరితే ఆ నూనె గట్టిపడి, తోలు డప్పులా మోగేది. నీళ్ళలో మునిగినా తడి లోపలికి పోయేది కాదు.

"రామమ్మా, మసిలే నీళ్ళు ఒక చెంబు తే."

కోడలు తెచ్చింది. హనుమంతమ్మ ఆ పెళ్ళ మీద కొంచెం, మిషను మీద కొంచెం పోసింది. ఆవిరి లేచింది. ఆవిరితో పాటు వాసన లేచింది. పాతికేళ్ళు పొయ్యి ముందు కూర్చున్న ఆడదానికి ఆ వాసన ఎవరూ చెప్పనక్కర్లేదు.

కుసుమ నూనె.

ఆమెకు ఆదోని దసరా గుర్తొచ్చింది. ఆ ఫ్యాక్టరీలో దసరాకు మిషన్లకు తలంటు పోయడం ఆనవాయితీ. పత్తి రాకముందు, పని లేని రోజుల్లో, మిస్త్రీల పెళ్ళాం పిల్లలను కూడా లోపలికి రానిచ్చేవాళ్ళు. పసుపు పూసి, బొట్టు పెట్టి, తల మీది నుంచి మిషను నూనె ధారగా పోసేవాళ్ళు. ఆ ఏడు యుద్ధం వల్ల ఓడల్లో వచ్చే సీమ నూనె డబ్బా ఒక్కటి దొరకలేదు. మిగతా మిషన్లకు పసుపు కుంకుమతో సరిపెట్టారు. తన మొగుడి మిషను మాత్రం తల తడవకుండా పండగ చేసుకోవడమేమిటని హనుమంతమ్మ పుట్టింటి నుంచి డబ్బా నిండా కుసుమ నూనె తెప్పించింది. మద్దయ్య మురిసిపోయి "నువ్వే పొయ్యి" అన్నాడు. ఆమె ఎత్తుపీట ఎక్కి, చివరి బొట్టు దాకా, సందు సందుకూ దిగేలా పోసింది. ఆ ఏడు పత్తి ఆలస్యమయింది. మిషను నెలల తరబడి కదలకుండా నిలబడింది. నూనె లోపల ఆరింది.

తోలు బానకు ఆరినట్టే ఆరింది.

"ఏమాయె అత్తా? ముఖం అట్లయిపోయె," అంది రామమ్మ.

"ఏం లేదమ్మా. సుంకా, దాన్ని ఇంక ముట్టాకు. అది ఇరగలేదు, అతుక్కోనుండాది. నేను మీ నాయన దగ్గరికి పోయొస్తా."

దారి పొడుగునా ఆమెకు ఒకటే భయం. చెప్పకపోతే కొడుకు ఎట్లాగో మిషను విప్పుకుంటాడు, వేరే పోతాడు, మొగుడు చచ్చేదాకా తన చెయ్యే చెడ్డదనుకుని బతుకుతాడు. చెబితే, ఇన్నేళ్ళ ఆ మనిషి కుంగుబాటుకు కారణం తానని ఆ కళ్ళల్లో చదువుకోవాలి. గోదాము దగ్గర కొంగు ముడి విప్పింది. మద్దయ్య శెనగబుడ్డల రాశి పక్కన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆమె దగ్గరికి పోయి, ముడిలోంచి తీసిన పెళ్ళను అతని అరచేతిలో పెట్టింది.

మద్దయ్య దాన్ని వేళ్ళ మధ్య నలిపాడు. వాసన చూశాడు. పంటికింద పెట్టుకుని నాలుకతో తడిమాడు. తర్వాత తీసి వెలుతురుకు పట్టి చూశాడు.

"మిషను మీదిదా?"

"అవును."

"అంతా ఇదేనా? లోపల గూడా?"

"యాడ గీసినా ఇదే. మా నందవరం..." అని ఆపి ఆమె కొంగు మళ్ళీ ముడేసుకుంది.

మద్దయ్య ఆమె ముఖంలోకి చూశాడు. ఆ చూపులో ఏముందో ఆమెకు తెలియలేదు. "ఎవరితోనన్నా సెప్పినావా?"

"లేదు."

"సెప్పాకు," అని లేచి, తలగుడ్డ కట్టుకుని నడిచాడు. రోజూ ఆమె కోసం అడుగు నెమ్మదించే మనిషి ఆ పొద్దు వెనక్కి తిరిగి చూడలేదు. కోపమే అనుకుంది హనుమంతమ్మ. కోపం న్యాయమే అని కూడా అనుకుంది.

ఇంటికి చేరేసరికి అతను వసారాలో మిషను ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. సుంకన్న ఎదురుగా బిగుసుకుని నిలబడి ఉన్నాడు.

"పానా ఇట్ల తే," అన్నాడు మద్దయ్య.

సుంకన్న కదల్లేదు. తండ్రి నోట ఆ మాట అతను ఎమ్మిగనూరుకు వచ్చాక వినలేదు. రామమ్మే పానా తీసుకొచ్చి మామ చేతిలో పెట్టింది. మద్దయ్య దాన్ని తిప్పి, బరువు చూసి, మళ్ళీ పట్టుకున్నాడు. వేళ్ళకు అది ఇంకా గుర్తుంది.

"ఇది కుసుమ నూనె. ఆరి బంకైంది. సమ్మెటకు లొంగేది కాదు. సవుడు మట్టీ సున్నమూ కలిపి నీళ్ళు కాచండి. ఇరుసు కింద శెనగపొట్టు నిప్పు సన్నగా పెట్టాల. ఎచ్చబడల్ల, కాలగూడదు."

"మిషనుకు కుసుమ నూనె పోసిన మారాజెవరు నాయనా?" అన్నాడు సుంకన్న.

వంటింటి గడపలో హనుమంతమ్మ చెవి అటే పెట్టింది.

"పండగ నూనె అది," అన్నాడు మద్దయ్య తల ఎత్తకుండా. "యుద్ధం రోజులు. సీమ నూనె యాడిది? అందరం పోసినాం."

ఆమె పొయ్యి దగ్గరికి పోయి, పొగకన్నట్టు కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తిట్టినా బాగుండేది. ఇంత మోసిన మనిషి దీన్ని కూడా తన నెత్తికే ఎత్తుకున్నాడు.

ఆ తర్వాతి రోజులు ఆ ఇంట్లో ఎవరికీ వేరే ధ్యాస లేదు. వంట పొయ్యి మీద సంగటి, రాళ్ళ పొయ్యి మీద సవుటి నీళ్ళు. మద్దయ్య పొగబెట్టినంత సన్నగా నిప్పు పెట్టి, గుడ్డలు ముంచి చుట్టి, కిరసనాయిలు చుక్క చుక్క వదిలేవాడు. చుట్టిన గుడ్డ మీద అరచెయ్యి పెట్టి, జ్వరం చూసినట్టు చూసేవాడు. సుంకన్న మొదట ముభావంగా అందించాడు, తర్వాత అడిగి అందించాడు, చివరికి తండ్రి కన్ను ఎటు కదిలితే అటు చెయ్యి చాపడం నేర్చుకున్నాడు. వాళ్ళిద్దరి మధ్యా మాటలు పెరగలేదు గానీ మౌనం రంగు మారింది. రాత్రి మాత్రం మద్దయ్య గోదాముకు పోయేవాడు. అమావాస్య ప్రయాణం సంగతి తండ్రీ ఎత్తలేదు, కొడుకూ వద్దనుకున్నానని చెప్పలేదు. హనుమంతమ్మకు ఆ గుబులు అలాగే ఉంది.

మడ్డి కరిగే కొద్దీ మిషను బయటికొచ్చింది. ఒక పక్కన పోతపోసిన సీమ అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి. రామమ్మకు ఏ భాషా చదవడం రాదు. అయినా వాటిని వేలితో రాసుకుంటూ పోయింది. "ఎంత దూరం నుంచి వచ్చింటాది మామా ఇది?"

"ఓడెక్కి వచ్చిందమ్మా. దీన్ని చేసినోళ్ళు ఇప్పుడు ఉండారో లేదో. వాళ్ళ చేతి పని మనింట్లో ఉండాది సూడు."

విరిగిన పన్ను సంగతి చూసేటప్పుడు మద్దయ్య చాలాసేపు ఆ చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "గడ్డపార ఏసింది నేనే. ఇది నా తప్పే. ఆ పొద్దు ఇన్న సద్దు ఈ పన్నుదే. ఇరుసు కాదు," అన్నాడు మెల్లగా. ఖాళీలో గాడి తీసి, ఇత్తడి ముక్క దిగ్గొట్టి, దాన్ని పన్నుగా రాకాలి. ఆకురాయి మొదట రెండుసార్లు దారి తప్పింది. సుంకన్న చూసి కూడా చూడనట్టు మిషను వైపు తిరిగాడు. కాసేపటికి రాపిడి చప్పుడు ఒక్క తీరున సాగింది. సాయంకాలానికి నల్ల పళ్ళ మధ్య బంగారు పన్నులా ఇత్తడి పన్ను నిలబడింది. ఏది సీమవాడు పోసిందో ఏది మద్దయ్య రాకిందో రంగు చూసి చెప్పాలి తప్ప, వేలితో తడిమి చెప్పడం ఎవరి తరమూ కాదు.

మర్నాడు పొద్దున మద్దయ్య పుల్లీ మీద రెండు అరచేతులూ ఆనించాడు. తోయలేదు, ఊరికే ఆనించాడు. "వినండి," అన్నాడు. నలుగురూ మిషను చుట్టూ నిలబడ్డారు. పెసరకాయ పేలినంత చిన్న చప్పుడయింది. పుల్లీ వేలెడు మేర కదిలింది. ఇంకో వేలెడు. తర్వాత ఇంత బరువు ఇనుము, పుష్కరం పాటు రాయిలా బిగుసుకున్నది, పసిబిడ్డ తల తిప్పినంత మెత్తగా చుట్టూ తిరిగింది. సుంకన్న నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. రామమ్మ తనకు తెలియకుండానే రెండు చేతులూ జోడించింది. హనుమంతమ్మకు ఒళ్ళు జలదరించింది. నిజంగానే అది బతికే ఉంది.

ఇక మిగిలింది కింద పొడుగాటి బెడ్డు. ఉలి ముందుకూ వెనక్కూ జారేది దాని మీదే. అక్కడ నూనె అన్నిటికంటే మందంగా పేరుకుంది. మద్దయ్య వేడి గుడ్డ వేసి, నానాక, వెదురు బద్దతో ఒక మూల నుంచి లేపాడు. మడ్డి చాపలా చుట్టుకుంటూ లేచింది. దాని కింద చూసి అతని చెయ్యి ఆగింది.

ఇనుము అద్దంలా ఉంది. ఫ్యాక్టరీలో ఆఖరు రోజు ఎలా వదిలేశాడో అలా ఉంది. ఒక్క తుప్పు మచ్చ లేదు, ఒక్క గీత లేదు. వంగిన మద్దయ్య ముఖం, నెరిసిన మీసంతో సహా, అందులో కనిపిస్తోంది. అతను ఆ ముఖాన్ని చూస్తూ కూర్చుండిపోయాడు. తర్వాత మిషను కాళ్ళ వైపు చూశాడు. నూనె కారని చోట, పండగనాడు తడవని చోట, తుప్పు వేలు లోతున తినేసింది.

"ఏమే, ఇట్ల రా," అని పిలిచాడు.

హనుమంతమ్మ వచ్చి నిలబడింది.

"సుంకా, ఆ పొద్దు నీకు అబద్ధం సెప్పినా. ఈ నూనె అందరం పోయలేదు. మీయమ్మ పోసింది, పుట్టింటి నుంచి తెప్పించి, ఈ మిషనుకు ఒక్కదానికే. ఆమెను నువ్వొక మాట అంటావేమోనని దాచినా." బెడ్డు మీద అరచెయ్యి వేశాడు. "ఇప్పుడు దాచేదానికి ఏముంది? నువ్వే సూడు. నువ్వు తెచ్చిన అంగట్లో దీని పక్కన పడున్నవి ఎట్లున్నాయి?"

"యాడున్నాయి నాయనా? తుప్పు తిని పొడైపోయినాయి. పారతో ఎత్తుతాండ్రి."

"ఇది అన్నేండ్లు అదే వానలో, అదే ఎండలో పడుండె. సీమ నూనె పోసింటే ఒక్క వానకు కడిగి పోయేది. ఇది పోలేదు. తోలు మాదిరి పట్టుకోనుండాది. మీయమ్మ పోసింది కాబట్టి మిగిలింది."

హనుమంతమ్మ దుఃఖం ఆపుకోలేకపోయింది. "నీ పని పోయింది గూడా దానివల్లనే గదయ్యా. ఇన్నేండ్లు నువ్వు నీ సేతులను తిట్టుకుంటాంటే పక్కనే ఉండి సూస్తి. అది నా సేతుల పనని తెల్లేదే."

"నువ్వే పొయ్యిమని సెప్పింది ఎవరు? నేను గాదా?" అన్నాడు మద్దయ్య. చెయ్యి ఇంకా బెడ్డు మీదే ఉంది. "పని పోయింది, నిజమే. గోదాములో నీ పెళ్ళ నాలికమీద పెట్టుకున్నప్పుడు నాకు కోపం రాలేదే. ఇది సావలేదు, నేను సంపలేదు అని ఒక్కటే అనుకుంటి. నీకు ఆ మాట సెప్పల్లని గూడా తోచకుండా ఉరికొస్తి."

సుంకన్న తల్లి పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆ నూనె పోసిన మారాజెవరని ఎగతాళి చేసిన నోటితో ఏమనాలో తెలియక, ఆమె భుజం మీద చెయ్యి వేసి ఊరుకున్నాడు.

మద్దయ్య కళ్ళు తుడుచుకుని లేచాడు. వసారా వెనకున్న తన గదిలోకి పోయి మంచం ఎత్తి బయట పెట్టాడు. గడ్డపార తెచ్చి కొడుకు చేతికిచ్చాడు.

"ఏంది నాయనా?"

"గుంతలు తవ్వు. మిషను కాళ్ళు నేల్లో నాటకుంటే పని సేసేటప్పుడు అదురుతాది. వసారాలో వాన జల్లు పడతాది, లోపలైతే మేలు. ఆదోనిలో షెడ్డు సూసుకునేది ఉంటే ఇప్పుడే సెప్పు. ఒకసారి నాటితే మళ్ళ పెరికేది కాదు ఇది."

సుంకన్న గడ్డపారను చూశాడు, తండ్రిని చూశాడు. "నీ మంచం?" అన్నాడు.

"నా మంచానికేం, యాడన్నా పడతాది. గోదాములో ఇంక పండుకోను. పొద్దంతా ఈడ పని ఉంటే రాత్రి కాపలాకు ఎట్ల పోతా?"

సుంకన్న ఇంకేమీ అడగలేదు. పంచె ఎగ్గట్టి గది నడుమ మొదటి పోటు పొడిచాడు. రామమ్మ తట్ట తెచ్చి మట్టి ఎత్తడం మొదలుపెట్టింది. "పోనీలే, మా గది అడగలేదు మామ," అని ఆమె గొణిగితే చాలా కాలం తర్వాత మద్దయ్య నవ్వాడు.

హనుమంతమ్మ వాళ్ళను చూస్తూ మిషను దగ్గరే నిలబడింది. సగం మడ్డి, సగం అద్దంగా ఉన్న ఆ ఇనుము మీద మెల్లగా చెయ్యి పెట్టింది. పొద్దుటి వేడి ఇంకా ఉంది దానిలో. లోపల గడ్డపార దెబ్బలు పడుతున్నాయి. ఆమె కన్నీళ్ళు తుడుచుకుని, నలుగురికీ సంగటి వండడానికి ఒకే పొయ్యి మీద ఎసరు పెట్టింది.